లైన్ కోచ్ అప్పగింత

కార్వర్, కాన్సాస్
జనవరి 9, 1985

అక్కా,

అందరికీ చదివి వినిపించే ముందు అమ్మకి చెప్పు, నేను బాగున్నాను, కడుపు నిండా తింటున్నాను. ఇక్కడ మంచు మోకాలిదాకా ఉంది. దాంట్లో నేను చెప్పులేసుకుని నడుస్తుంటే హాస్టల్ వాచ్‌మన్ రోజూ తల పట్టుకుంటున్నాడు. "ఒరే ఫ్రెడ్, కాలివేళ్ళు రాలిపోతే ఏరుకోడానికి నేను రాను" అంటాడు. వీళ్ళకి ఫెరెటి అని నోరు తిరగదు. రెండేళ్ళయినా ఫ్రెడ్డే.

ఇప్పుడు అసలు సంగతి. మా లైన్ కోచ్ క్రూగ్ గారు వెళ్ళిపోయారు.

మాకు చెప్పలేదు. ఫుట్‌బాల్ ఆఖరి ఆట అయిన మూడోనాడు భోజనాల దగ్గర రేడియోలో విన్నాం. దక్షిణాన ఏదో పెద్ద కాలేజీ పిలిచిందట. నేను పరిగెత్తుకుంటూ ఆయన గదికి వెళ్ళాను. బల్ల మీద ఏమీ లేదు. గోడకి మేకులు మాత్రం ఉన్నాయి. నన్ను కాలేజీకి తీసుకెళ్ళడానికి వచ్చి, మన ఇంట్లో నాన్న ఎదురుగా కాళ్ళు మడుచుకుని, మోకాళ్ళు పటపటమంటున్నా లేవకుండా కూర్చున్న మనిషి. "వీణ్ణి నా సొంత కొడుకులా చూసుకుంటాను" అన్న మనిషి. చెప్పకుండా పోయారు.

మా లైన్ కుర్రాళ్ళు కొందరు బూతులు తిట్టారు, కొందరు ఏడ్చారు. పెద్ద కోచ్ హోల్కమ్ గారు మమ్మల్ని ఒక్కొక్కరినే పిలిచి, కొత్త లైన్ కోచ్‌గా ఎలాంటి మనిషి కావాలో చెప్పమన్నారు. పెద్దవాళ్ళని ఎంచడానికి నేనెవర్ని అక్కా? నేల చూస్తూ కూర్చున్నాను. ఆయన, "సరే ఫ్రెడ్, వెళ్ళు" అన్నారు.

నీకు తెలుసు కదా, నా ఫీజూ భోజనమూ కాలేజీవాళ్ళు ఏటేటా మళ్ళీ ఇవ్వాలి. ఇవ్వాలా వద్దా అనేది లైన్ కోచ్ చెప్పిన మాట మీదే. క్రూగ్ గారు ఉండగా ఆ బెంగ లేదు. ఇప్పుడు వచ్చేవాడికి నేనెవరో తెలియదు. ఏం చెయ్యాలో నాన్నని అడిగి రాయి.

నీ తమ్ముడు,
ఫెరెటి

---

టుటుయిలా దీవి
జనవరి 28, 1985

తమ్ముడూ,

నీ ఉత్తరం నిన్న సాయంత్రం ప్రార్థన అయ్యాక చదివాను. ఫోన్ చేద్దామని అంతకుముందు శనివారం పాంగో పట్నంలో ఫోనాఫీసుకి వెళ్ళాను. పొద్దుటినించీ వరసలో నిలబడ్డాను. తీరా కలిస్తే నీ హాస్టల్లో ఎవరో ఎత్తి "ఫెరెటి ఎవరు?" అని పెట్టేశాడు. ఫ్రెడ్ అని అడగాలని నాకేం తెలుసు.

అమ్మ ఏడ్చింది. ఏడుస్తూనే అడిగింది, "వీడు అక్కడ బంతి ఎప్పుడు ముట్టుకుంటాడే?" అని. లైన్‌లో నిలబడేవాళ్ళు బంతి ముట్టుకోరనీ, బంతి పట్టుకున్నవాడి మీద ఎవరూ పడకుండా గోడలా అడ్డం నిలబడతారనీ, అమెరికా ఫుట్‌బాల్ అంటే అదేననీ మళ్ళీ చెప్పాను. "ముట్టుకోనివ్వకుండా ఇంత తిండి ఎందుకు పెడుతున్నారో" అంది. మోసె బాబాయి నవ్వాడు గానీ నాన్న నవ్వలేదు.

నాన్న చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను.

"పాస్టరు గారు ఊరు వదిలి వెళ్ళేటప్పుడు ఏం చేస్తారు? ఊరంతా కూర్చుంటుంది. వెళ్ళేవాడు అందరి దగ్గరా సెలవు తీసుకుంటాడు. తర్వాత ఇంటి పెద్దలు కూర్చుని కొత్తాయన్ని పిలుస్తారు. పాతాయన మాట కొత్తాయన చేతికి అప్పగిస్తారు. క్రూగ్ గారు మర్యాద తెలిసిన మనిషి. చెప్పకుండా పోయారంటే మనవల్ల ఏదో తప్పు జరిగి ఉండాలి. ఏం తప్పో కనుక్కో. పిల్లల ఇంటిపెద్దలు ఏ రోజు కూర్చుంటారో హోల్కమ్ గారిని అడుగు. నేను రాలేకపోయినా నా మాట పంపిస్తాను. క్రూగ్ గారు వచ్చి నిన్ను కొత్తాయన చేతికి అప్పగించేదాకా నువ్వు ఆ కొత్త మనిషి కింద నిలబడకు. అప్పగించని పిల్లాడు దారిన పోయే పిల్లాడితో సమానం. నువ్వు దారిన పోయేవాడివి కాదు."

మోసె బాబాయి అప్పుడే నాన్న తరఫున సభలో చదవాల్సిన మాటలు కూర్చడం మొదలుపెట్టాడు. మీ కాలేజీ పేరు పలకలేక పక్కింటివాళ్ళు నిద్ర లేచేదాకా సాధన చేస్తున్నాడు.

నాకు మనసులో ఏదో గుబులుగా ఉంది. అయినా నాన్న మాట అది.

బళ్ళో నాకు మూడో తరగతి ఇచ్చారు. పిల్లలు నన్ను టీచరు గారూ అని పిలిస్తే ఇంకా వెనక్కి తిరిగి చూస్తున్నాను, ఎవరినా అని.

ప్రేమతో,
పెనీనా

---

కార్వర్
ఫిబ్రవరి 17, 1985

అక్కా,

నాన్న చెప్పినట్టే చేశాను. హోల్కమ్ గారి గదికి వెళ్ళి, నేల మీద కూర్చుని, తల వంచుకుని అడిగాను, "మా నాన్నగారు అడుగుతున్నారు, ఇంటిపెద్దలు ఏ రోజు కూర్చుంటారు?" అని. ఆయన ముందు అర్థం కాక, తర్వాత అర్థమై నవ్వారు. చెడ్డగా కాదు, తాతలు మనవళ్ళని చూసి నవ్వినట్టు. "ఫ్రెడ్, మీ నాన్నగారికి థాంక్స్ చెప్పు. ఈ పని మాత్రం నాదే" అన్నారు. బయట కూర్చునే గుమాస్తావిడకి చెప్పారు. ఆవిడ ఇంకొకరికి చెప్పింది. ఇప్పుడు భోజనాల దగ్గర, "ఏరా ఫ్రెడ్, ఇవాళ బీన్స్ తినొచ్చా? మీ నాన్న సభ పెట్టాడా?" అంటున్నారు. నేనూ నవ్వేస్తున్నాను. అంతకంటే ఏం చేస్తాను.

కొత్తాయన వచ్చారు. పేరు డారెల్ పైక్. పొట్టి మనిషి, మెడలో ఈల. మాట్లాడితే మెడ ఎర్రబడుతుంది. క్రూగ్ గారికి నాలాంటి కొండలు కావాలి. ఈయనకి పరిగెత్తేవాళ్ళు కావాలి. మొదటిరోజు నన్ను పైనించి కిందికి చూసి, "సగం తగ్గాలి" అన్నారు. పక్కవాడు, "ఏ సగం సార్?" అన్నాడు. అందరూ నవ్వారు.

ఆయన మాట్లాడేటప్పుడు నేను తల దించి ఒంగి నిలబడ్డాను. పెద్దమనిషి తలకంటే మన తల పైన ఉండకూడదు కదా. ఆయన అరిచారు, "నిటారుగా నిలబడు. నా కళ్ళలోకి చూడు" అని. చూడలేకపోయాను. మెడ విరుచుకుని పైకెత్తినా కళ్ళు తమంతట అవే కిందికి పోయాయి.

ఇప్పుడు నేను చేస్తున్నది ఇది. బరువులు ఎత్తే గదికి వెళ్తున్నాను, క్లాసులకి వెళ్తున్నాను. లైన్ వాళ్ళందరూ పైక్ గారి గదిలో కూర్చునేటప్పుడు మాత్రం నేను గుమ్మం బయట, గోడవారన, కాళ్ళు మడుచుకుని కూర్చుంటున్నాను. అన్నీ వింటున్నాను. ఎవరైనా తీసుకెళ్ళి అప్పగిస్తే లోపలికి వెళ్తాను. మొదట ఆయన, "నీ కుర్చీ లోపల ఉంది" అన్నారు. ఆ తర్వాత, "ఇదేమైనా సమ్మెనా?" అని అడిగారు. పెద్దవాళ్ళకి ఎదురు చెప్పకూడదని ఊరుకున్నాను. దాన్ని ఆయన అవునని అనుకున్నారని తర్వాత తెలిసింది. ఇప్పుడు నన్ను దాటుకుని వెళ్ళిపోతున్నారు.

క్రూగ్ గారికి రెండు ఉత్తరాలు రాశాను. ఒక్కరోజు వచ్చి నన్ను అప్పగించి వెళ్ళమని. జవాబు లేదు.

మార్చి ఆఖర్న వసంత సాధన మొదలవుతుంది. ఆ లోపు లోపలికి వెళ్ళకపోతే నా పేరు ఉండదంటున్నారు. నాన్నని తొందరగా అడుగు. చాలా తొందరగా.

ఫెరెటి

---

టుటుయిలా
మార్చి 14, 1985

తమ్ముడూ,

నీ ఉత్తరం నాకు నాలుగు రోజుల కిందటే అందింది. విమానం రెండుసార్లు రాలేదు, వచ్చిన సంచీ ఏదో పొరపాటున ఇంకో దీవికి పోయి తిరిగొచ్చింది. తేదీ చూడగానే రోజులు లెక్కపెట్టాను. నువ్వు అప్పటినించీ ఆ గుమ్మం బయటే కూర్చుని ఉంటావు.

నాన్నతో దెబ్బలాడాను. నా జన్మలో మొదటిసారి. చాలా మర్యాదగానే మొదలుపెట్టాను, "నాన్నా, అక్కడ కోచ్ అంటే ఉద్యోగం. చేపల ఫ్యాక్టరీలో మేస్త్రీ మారినట్టు మారతారు. ఎవరూ ఎవరినీ అప్పగించరు" అని.

"ఫ్యాక్టరీ మేస్త్రీ మన ఇంటికొచ్చి నా ఎదురుగా కూర్చుని అన్నం తిన్నాడా?" అన్నాడు.

"తినలేదు."

"కొడుకులా చూసుకుంటానని అన్నాడా?"

"అనలేదు."

"మరి మేస్త్రీ మాట ఎందుకు తెచ్చావు? చదువుకున్నావని నాకు మర్యాద నేర్పుతున్నావా?"

నేను ఏడ్చాను. ఈ ఇంట్లో మొదట బడికి వెళ్ళింది నేను. కాలేజీ నించి నీకొచ్చిన కాయితాలన్నీ చదివి చెప్పింది నేను. వాటిలో ఏ ఒక్కదాంట్లోనూ, కోచ్ వెళ్ళిపోతే పిల్లాడు ఎవరివాడో రాసి లేదు.

చివరికి పాస్టరు గారు వచ్చి కూర్చున్నారు. "క్రూగ్ గారు దూరంలో ఉన్నారు. పిల్లాణ్ణి మొదట ఇచ్చింది మీరే. మళ్ళీ మీరే అప్పగించవచ్చు" అన్నారు. నాన్న తలూపాడు. అప్పుడు అమ్మ వైపు చూశాడు. అమ్మ లేచి వెళ్ళి పెట్టె తెరిచింది.

అమ్మమ్మ అల్లిన సన్నచాప తీసింది. మొగలాకుని గోటితో దారాలుగా చీల్చి అల్లినది. పట్టులా ఉంటుంది, చేతిలో బరువే తెలియదు. అంచుకి ఎర్ర ఈకలు. ఎవరి పెళ్ళికీ, ఎవరి చావుకీ బయటికి తియ్యలేదు. ఎండలో పరిచి, మడత పెట్టి, నా చేతికిచ్చింది. నిన్న పాంగోలో పార్సిల్ కట్టి పంపాను.

నాన్న మాట ఇది. "పైక్ గారి ఇంటికి వెళ్ళు. ఆఫీసుకి కాదు, ఇంటికి. నడుముకి లవలవా గుడ్డ చుట్టుకో. గుమ్మం ముందు కూర్చో. ఆయన పిలిచాక లోపలికి వెళ్ళి చాప రెండు చేతులా ఇవ్వు. మా నాన్న నన్ను మీ చేతికి అప్పగిస్తున్నాడని చెప్పు. ఆయన తీసుకున్నాక ఇక నువ్వు ఆయనవాడివి. ఆయన చెప్పినంత బరువు తగ్గు."

చాప ఎప్పుడు చేరుతుందో తెలియదు. ఫెరెటి, చాప వచ్చేదాకా ఆగకు. ఈ ఉత్తరం చేరిన క్షణమే లేచి ఆ గదిలోకి వెళ్ళి నీ కుర్చీలో కూర్చో. ఇది నాన్న చెప్పింది కాదు, నేను చెబుతున్నాను.

పెనీనా

---

కార్వర్
ఏప్రిల్ 20, 1985

పూజ్యులైన నాన్నగారికి, అమ్మకి, బాబాయికి, అక్కకి,

చాప క్షేమంగా అందింది. నాన్నగారు చెప్పినట్టే పైక్ గారి ఇంటికి వెళ్ళాను. గుమ్మం ముందు కూర్చున్నాను. ఆయన స్వయంగా తలుపు తీసి లోపలికి పిలిచారు. నాన్నగారి మాట చెప్పాను. చాప రెండు చేతులా తీసుకున్నారు. ఇంత సన్నటి అల్లిక ఎక్కడా చూడలేదన్నారు. వాళ్ళావిడ ఆపిల్ పెట్టి చేసిన తీపి వంటకం పెట్టింది. రెండు ముక్కలు తిన్నాను.

అంతా బాగుంది. మీరు దిగులు పడవద్దు.

మీ కొడుకు,
ఫెరెటి

---

కార్వర్
ఏప్రిల్ 20, 1985

అక్కా,

ఈ ఉత్తరం నీ బడి చిరునామాకి పంపుతున్నాను. ఇంట్లో చదవకు. ఇంటికి పంపినదాంట్లో ఆపిల్ వంటకం ఒక్కటే నిజం. అది కూడా కాగితంలో చుట్టి వాకిట్లోనే ఇచ్చారు.

నీ ఉత్తరం వచ్చేసరికి సాధన మొదలై వారం దాటింది. చదవగానే లేచి పరిగెత్తాను, నువ్వు చెప్పినట్టే. గదిలో నా కుర్చీలో ఇంకెవరో కూర్చుని ఉన్నాడు. గోడ మీది పేర్లలో నా పేరు లేదు. పైక్ గారు, "ఇప్పుడొచ్చావా?" అన్నారు, అంతే. జూన్ తర్వాత నా ఫీజు ఇవ్వరని గుమాస్తావిడ చెప్పింది. ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నాన్న సభ మాట అందరికీ పాకించిందీ ఆవిడే.

తర్వాత చాప వచ్చింది. ఎలాగూ పేరు పోయింది, ఇవ్వడమెందుకు అనుకున్నాను. కానీ అది నాన్న మాట. అమ్మమ్మ చాప. ఆదివారం లవలవా కట్టుకుని వెళ్ళి వాళ్ళ వాకిట్లో కూర్చున్నాను. చలిగా ఉంది. పక్కింటివాళ్ళు కిటికీలోంచి చూశారు. వాళ్ళ కూతురు తలుపు తీసి, "డాడీ, స్కర్ట్ కట్టుకుని ఎవరో పెద్దాయన కూర్చున్నాడు" అని అరిచింది.

ఆయన వచ్చి, "లే నాయనా, లేచి నిలబడు" అన్నారు. మెత్తగా అన్నారు. ఆయన మెత్తగా మాట్లాడ్డం అదే మొదటిసారి. నాన్న మాట చెప్పాను. చాప చాచాను.

ఆయన చేతులు వెనక్కి పెట్టుకున్నారు.

"ఇది నేను తీసుకోకూడదు ఫ్రెడ్. ఆటగాడి ఇంటినించి ఏదైనా తీసుకుంటే నియమం ఒప్పుకోదు, నా ఉద్యోగం పోతుంది. తీసుకున్నా జరిగేదేమీ మారదు. చాలా ఖరీదైనదిలా ఉంది. మీ అమ్మకి తిరిగి పంపించెయ్" అన్నారు.

నాకు చెడ్డ మనిషిలా కనిపించలేదు అక్కా. భయపడ్డ మనిషిలా కనిపించారు. నేను చాప చాచే ఉన్నాను. తీసుకునేదాకా చేతులు వెనక్కి తీసుకోకూడదు కదా. ఆయన కూడా అలాగే నిలబడ్డారు. చివరికి వాళ్ళావిడ వచ్చి ఆ తీపి ముక్కలు చాప మీద పెట్టి, "వెళ్ళు బాబూ, చలేస్తుంది" అంది. తలుపు మూసుకున్నారు.

మన చాప వద్దన్నారని నాన్నకి ఎలా రాయను? మనల్నే వద్దన్నట్టు. బాబాయి ఊళ్ళో తల ఎత్తుకోగలడా? అందుకని అలా రాశాను.

చాప పరుపు కింద ఉంది. జూన్‌లో వచ్చేస్తాను. ఒళ్ళు బాగాలేదనో, చలి పడలేదనో నాన్నకి నువ్వే ఏదైనా చెప్పు. ఫ్యాక్టరీలో నాన్న పక్కన చేపలు కోస్తాను. నాకు ఇంటికి రావాలని ఉంది.

ఫెరెటి

---

టుటుయిలా
మే 13, 1985

నా తమ్ముడూ,

ఈ ఉత్తరం ఎలా మొదలుపెట్టాలో తెలియక రెండు కాగితాలు చించాను.

నీ రెండు ఉత్తరాలూ కలిసి రాలేదు. ఇంటిది ముందు వచ్చింది. బడి సెలవులకి మూసి ఉండటంతో రెండోది అక్కడే ఉండిపోయింది. నేను ఏమీ తెలియకుండా, సంతోషంగా, గొంతెత్తి చదివాను. "రెండు చేతులా తీసుకున్నారు" అన్నచోట నాన్న మళ్ళీ చదవమన్నాడు. మళ్ళీ చదివాను. అమ్మ రెండు చేతులతో మొహం కప్పుకుంది.

ఆదివారం గుడి అయ్యాక పెద్దలందరినీ భోజనానికి పిలిచారు. రాళ్ళ పొయ్యిలో పందిని కాల్చారు. చేమాకుల్లో కొబ్బరిపాలు పోసి మూటలు కట్టారు. పాస్టరు గారు పైక్ గారి పేరు పెట్టి ప్రార్థన చేశారు. మోసె బాబాయి సభ కోసం కూర్చుకున్న మాటలన్నీ అక్కడే అప్పజెప్పేశాడు, కాలేజీ పేరుతో సహా.

తర్వాత నాన్న లేచాడు. నాన్న అంతమందిలో మాట్లాడటం ఎప్పుడూ చూడలేదు.

"మా కొడుకుని ఒక పెద్దమనిషి స్వీకరించాడు. ఇప్పుడు వాడు ఆ ఇంటివాడు. ఆయన తనంతట తాను వాడి చెయ్యి పట్టుకుని తెచ్చి నాకు తిరిగి అప్పగించేదాకా వాడు ఈ నేల మీద కాలు పెట్టడు. మా ఇంట్లో మాట అంటే ఏమిటో ఆ దేశం తెలుసుకుంటుంది" అన్నాడు.

అందరూ బాగుంది, బాగుంది అన్నారు. నేను కూడా అన్నాను. అందరికంటే గట్టిగా అన్నాను.

మర్నాడు బడి తెరిచారు. నీ రెండో ఉత్తరం అక్కడ చదివాను. పిల్లలకి కూడికలు ఇచ్చి కిటికీ దగ్గర నిలబడ్డాను.

సాయంత్రం నాన్నతో చెబుదామని వెళ్ళాను. "నాన్నా, అక్కడ ఏదైనా తేడా వస్తే ఎలా?" అన్నాను.

"చాప తీసుకున్నాక తేడా ఏమొస్తుందే పిచ్చిదానా?" అన్నాడు. నవ్వాడు. ఫ్యాక్టరీ నించి వచ్చి ఇంత హాయిగా నవ్వడం నువ్వు వెళ్ళాక ఇదే మొదలు. ప్రార్థనలో చిన్నపిల్లల చేత పైక్ గారి పేరు పలికిస్తున్నాడు. వాళ్ళు పైకీ, పైకీ అంటున్నారు. అమ్మ అడుగుతోంది, ఆ ఇంట్లో చాప ఎక్కడ పరిచారు, ఎండ తగిలే చోటేనా అని.

చెప్పకుండానే లేచి వచ్చేశాను.

నువ్వు చెప్పమంటే చెబుతాను ఫెరెటి. ఇవాళే చెబుతాను. ఒట్టు. కానీ నువ్వు చెప్పమంటేనే. నాకై నేను ఆ మనిషి మొహం మీద ఆ నవ్వు చెరపలేను. నన్ను క్షమించకు, కోప్పడు. ఏదో ఒకటి రాయి.

నీ అక్క,
పెనీనా

---

కార్వర్
జూన్ 11, 1985

అక్కా,

చెప్పకు.

హాస్టల్ ఖాళీ చేశాను. ఊరి చివర పశువుల్ని కోసే ఫ్యాక్టరీలో పని దొరికింది. మెక్సికో నించి వచ్చినవాళ్ళు నలుగురితో కలిసి ఒక గదిలో ఉంటున్నాను. మంచివాళ్ళు. ఎగతాళి చేస్తారు గానీ తిండి పెట్టి చేస్తారు. నేను పట్టే తలుపులు ఈ ఇంట్లో లేవని పక్కకి తిరిగి నడవడం నేర్పుతున్నారు. నాలుగు రాళ్ళు వెనకేసుకుని వచ్చేద్దామనుకున్నాను. నాన్న అలా అన్నాక ఎలా వస్తాను? ఊళ్ళో దిగి నడుచుకుంటూ వస్తే, చెయ్యి పట్టుకుని తెచ్చిన పెద్దమనిషి ఏడని అడుగుతారు.

ఒకటి అనుకున్నాను. పైక్ గారి దగ్గరికి మళ్ళీ వెళ్ళి, మా నాన్నకి రెండు ముక్కలు రాయండి, మీ అబ్బాయిని తిరిగి ఇస్తున్నానని, అని అడుగుదామనుకున్నాను. ఉత్తరం రాయడానికి ఏ నియమమూ అడ్డు రాదు కదా. ధైర్యం తెచ్చుకుని మొన్న ఆదివారం వెళ్ళాను. ఈసారి ప్యాంటు వేసుకుని వెళ్ళాను, నిలబడే తలుపు కొట్టాను. ఎవరూ తియ్యలేదు. వాకిట్లో ఇల్లు అమ్మబడును అని బోర్డు ఉంది. పక్కింటావిడ కిటికీ తీసి చెప్పింది, కొలరాడోలో ఏదో కాలేజీ పిలిస్తే పోయిన వారమే వెళ్ళిపోయారట. ఒక్క ఆట కూడా ఆడించకుండానే. హోల్కమ్ గారు మళ్ళీ లైన్ కోచ్ కోసం వెతుకుతున్నారట.

వాళ్ళ మెట్ల మీద కాసేపు కూర్చున్నాను. లేచి వచ్చేశాను.

నువ్వు నన్ను క్షమించొద్దన్నా కోప్పడమన్నా నాకు రెండూ చేతకావు. ఒక్క పని చెయ్యి. ప్రార్థనలో ఆయన పేరు మానకుండా చూడు. మానితే ఎందుకని అమ్మ అడుగుతుంది. ఇంటికి వేరే ఉత్తరం ఇందులోనే పెట్టాను. అందులో పైక్ గారు బాగున్నారు. చాప ఎండ తగిలే గదిలో పరిచారు. అమ్మకి వినబడేలా గట్టిగా చదువు.

ఫెరెటి